మితమైన విచారం

పెద్దాసుపత్రిలో మగవాళ్ల సర్జికల్ వార్డు ఎక్కడని అడిగితే గేటు దగ్గర వాచ్‌మన్ చెయ్యి చూపించేవాడు కాదు. "కాసేపు ఆగండి, వినపడుద్ది" అనేవాడు. ఆ వార్డు హెడ్ నర్సు దార్ల సలోమి గొంతు అలాంటిది.

"ఏవయ్యా, కుట్లేసిన కడుపుతో బీడీ కాలుస్తావా? నీ దుంప తెగ! దగ్గొచ్చి కుట్లూడితే పేగులు చేత్తో పట్టుకుని ఇంటికెళ్తావా?" అని ఆ చివర మంచం మీదవాణ్ణి తిడితే, ఈ చివర మంచం మీదవాడు కూడా దిండు కిందున్న బీడీకట్ట తీసి కిటికీలోంచి పారేసేవాడు. ఆవిడ తిట్లకి ఆపరేషనైన మర్నాడే లేచి నడిచినవాళ్లున్నారు. నయమై ఇంటికెళ్లినవాళ్లు నెల తిరక్కుండా పనసతొనలో, మామిడితాండ్రో పట్టుకొచ్చి, "మీరు తిట్టకపోతే ఇంట్లో ముద్ద దిగట్లేదండి సిస్టరు గారూ" అని నిలబడేవారు. వాళ్లనీ తిట్టి పంపేది. అది తిట్టడమని సలోమి ఎప్పుడూ అనుకోలేదు. అది ఆవిడ మాట్లాడే తీరు, అంతే.

ఇలా ఉండగా సూపర్నెంటు డాక్టర్ ముక్తేశ్వరరావు గారు ఏదో సదస్సుకని చల్లటి కొండ ఊరికి వెళ్లొచ్చారు.

ఆయన సదస్సు నుంచి వచ్చారంటే ఆసుపత్రంతా ఊపిరి బిగబట్టుకునేది. పచ్చదనం మీద సదస్సుకు వెళ్లొచ్చినప్పుడు ఎక్స్‌రే గదిలో తులసి కుండీలు పెట్టించారు. చేతుల శుభ్రత మీద సదస్సైనప్పుడు గోడ గోడకీ చేతులు కడుక్కునే బొమ్మలు వేయించారు. కుళాయిల్లో నీళ్లు మాత్రం ఆ ఏడాది రాలేదు. ఈసారి కారు దిగుతూనే మీటింగు పెట్టారు.

"మనం ఇన్నాళ్లూ రోగాన్ని చూశాం," అన్నారు మైకు పట్టుకుని. "రోగిని చూశామా?"

అందరూ నేల చూపులు చూశారు. చూశామంటే ఎక్కడ చూశారంటారోనని భయం.

"నర్సుకీ రోగికీ నడుమ ఉండాల్సింది సూది కాదు. సంబంధం! విదేశాల్లో దీని మీద సిద్ధాంతం ఉంది. మనమే వెనకబడిపోయాం."

సిద్ధాంతాన్ని అమలు చెయ్యడానికి ఆయన ఒక నోడల్ ఆఫీసర్ని కూడా సంపాదించుకొచ్చారు. పేరు విద్యాధరరావు. మత్స్యశాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చాడు. అక్కడ చెరువుల్లో వదిలిన చేపపిల్లలు చావకుండా చూసినందుకు ప్రశంసాపత్రం ఉందట. బతికించడంలో అనుభవం ఉన్న మనిషని సూపర్నెంటు గారి నమ్మకం. సన్నగా, పొడుగ్గా, జేబులో రెండు రంగుల పెన్నులతో ఉన్న విద్యాధరరావు లేచి గోడకి ఒక చార్టు తగిలించాడు. దాని మీద నాలుగు మెట్లున్నాయి.

"సదరు సంబంధము నాలుగు దశలలో నిర్మింపబడును," అని మొదలెట్టాడు. "ఒకటి, పరిచయ దశ. రెండు, మమేక దశ. మూడు, వినియోగ దశ, అనగా రోగి నర్సు సేవలను వినియోగించుకొనుట. నాలుగు, విసర్జన దశ, అనగా సదరు సంబంధమును గౌరవప్రదముగా ముగించుట. ఇకమీదట మమేక దశ పూర్తి కానిదే సూది వేయరాదు. విసర్జన దశ పూర్తి కానిదే రోగిని ఇంటికి పంపరాదు."

సలోమి చెయ్యెత్తింది. "రక్తం కారతా వస్తేనండీ?"

"రక్తస్రావము సంబంధ నిర్మాణమునకు ఆటంకము కారాదు," అన్నాడు విద్యాధరరావు.

సూపర్నెంటు గారు చప్పట్లు కొట్టారు. దాంతో అందరూ కొట్టాల్సొచ్చింది.

మర్నాడు పొద్దున్న సలోమి వార్డులోనే ప్రారంభోత్సవం. మొదటి రోగిగా కొబ్బరికాయల వ్యాపారి గవర్రాజుని ఎంచారు. హెర్నియా ఆపరేషనై కోలుకుంటున్నాడు. అంతకు గంట ముందే, దొంగచాటుగా మిరపకాయ బజ్జీ తెప్పించుకున్నందుకు సలోమి చేత కడుపునిండా తిట్లు తిని హాయిగా పడుకున్నాడు. ఆయన కళ్లు తెరిచేసరికి సలోమి పక్కన స్టూలేసుకుని కూర్చునుంది. ఆవిడ వెనక సూపర్నెంటూ, విద్యాధరరావూ నిలబడున్నారు.

సలోమి నవ్వింది.

గవర్రాజు గుండె ఝల్లుమంది. ఆవిడ పళ్లు ఆయనెప్పుడూ చూసెరగడు.

"నా పేరు సలోమి," అంది ఆవిడ, చార్టులో ఉన్నట్టే. "నేను మీ నర్సునండి. ఈ రోజు మీ మనసెలా ఉందండీ?"

"అండీ... అంటన్నారేంటండీ?" గవర్రాజు దుప్పటి గడ్డందాకా లాక్కున్నాడు. "రిపోర్టేవైనా వచ్చిందాండీ?"

"ఏ రిపోర్టూ రాలేదండి. మీ చిన్నతనం గురించి చెప్పండి. మీకు సంతోషం కలిగించే జ్ఞాపకం ఒకటి."

గవర్రాజు మంచం పట్టీ పట్టుకుని లేవబోయాడు. "మా ఆవిణ్ణి పిలిపించండి బాబూ! కొబ్బరితోట కాయితాలు ఎక్కడ పెట్టానో చెప్పాలి. పెద్దోడికి ఎడమ పక్క సగం, చిన్నోడికి కాలవ పక్క సగం..."

పక్క మంచం మీదవాడు ముక్కు చీదాడు. ఎదుటి మంచం ముసలాయన దణ్ణం పెడుతూ, "మంచి మనిషి, పాపం" అన్నాడు. బీపీ మిషన్ తగిలిస్తే అంకె పైకెళ్లి అక్కడే కూర్చుంది.

విద్యాధరరావు ఎర్ర పెన్ను తీసి రాసుకున్నాడు. "రోగి తన కుటుంబమును స్మరించెను. అంతరంగమును విప్పెను. మమేక దశ ప్రారంభమైనది."

వాళ్లు వెళ్లాక గవర్రాజు సలోమి చెయ్యి పట్టుకున్నాడు. "సిస్టరు గారూ, దాచకండి. ఎన్నాళ్లండీ నాకు?"

సలోమి గుమ్మం వైపు ఓసారి చూసి, ఒంగి, ఆయన చెవిలో గుసగుసగా అంది: "నీ దుంప తెగ! నీకేం రోగవయ్యా, గుండ్రాయిలా ఉన్నావు. ఇంకోసారి బజ్జీ తిన్నావంటే ఆ కుట్లు నేనే ఇప్పుతా."

గవర్రాజు కళ్లు మూసుకుని పొడుగ్గా ఊపిరి వదిలాడు. బీపీ దిగింది.

ఆ రోజునుంచి వార్డులో రెండు వైద్యాలు నడిచాయి. ఆఫీసరున్నప్పుడు నవ్వూ, అండీలూ. ఆఫీసరు గుమ్మం దాటగానే చెవిలో తిట్లు. ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడిన మనిషి గుసగుసలాడి గుసగుసలాడి సలోమికి గొంతు రాసుకుపోయింది. తోటి నర్సు హెప్సిబా రోజూ మిరియాల పాలు కాచి ఇచ్చేది.

అయినా అంతవరకూ ఎలాగో బండి నడిచింది. అసలు చిక్కు విసర్జన దశలో వచ్చింది.

ముందు ఆ మాటతోనే తంటా. విద్యాధరరావు స్వయంగా వచ్చి, "మీరు విసర్జన దశకు చేరుకొన్నారా?" అని అడిగితే, గవర్రాజు మొహమాటపడుతూ, "ఆయ్, పొద్దున్నే అయ్యిందండి, సాఫీగానే" అన్నాడు. పక్క మంచం ఆయన తనకి మూడు రోజులుగా అవ్వట్లేదనీ, ఏదైనా మందు రాయమనీ అడిగాడు. రెండూ రికార్డుకెక్కాయి.

తరవాత విసర్జన పరీక్ష. ఇంటికి పంపే ముందు రోగిని కమిటీ ముందు కూర్చోబెడతారు. సూపర్నెంటు గారు, విద్యాధరరావు, ఇద్దరు పెద్ద డాక్టర్లు. "నర్సుతో మీ సంబంధము నేటితో ముగియుచున్నది. మీకెట్లున్నది?" అని అడుగుతారు.

గవర్రాజు చొక్కా గుండీలు పెట్టుకుని, సంచీ సర్దుకుని మరీ వెళ్లాడు. "చాలా సంతోషంగా ఉందండి! దింపు తీయించాల్సిన కాయ చెట్ల మీదే ఉండిపోయింది. ఎప్పుడెళ్లిపోదామా అనుంది!"

కమిటీ ముఖాలు చూసుకుంది.

"విడిపోవుటకు సంతోషించుచున్నాడు," అన్నాడు విద్యాధరరావు. "అనగా సంబంధమే ఏర్పడలేదు. తిరిగి పరిచయ దశ నుండి ప్రారంభించవలెను."

గవర్రాజు మళ్లీ మంచమెక్కాడు. సలోమి మళ్లీ స్టూలేసుకుని, "నా పేరు సలోమి" అంది.

ఈ సంగతి విని ఎదుటి మంచం ముసలాయన తెలివిగా కమిటీ ముందు బావురుమన్నాడు. "సిస్టరమ్మని వదిలి నేనుండలేను బాబోయ్" అని నేలమీద దొర్లాడు. "పరాధీనత," అని తేల్చారు. "రోగి నర్సుపై అతిగా ఆధారపడినాడు. ఈ స్థితిలో పంపుట ప్రమాదకరము." ఆయనా మంచమెక్కాడు.

సంతోషిస్తే సంబంధం లేదు, ఏడిస్తే పరాధీనత. మరి ఎలా ఉండాలండీ అని సలోమి అడిగితే విద్యాధరరావు రెండు రోజులు ఆలోచించి సర్క్యులర్ ఇచ్చాడు. "విసర్జన సమయమున రోగి మితమైన విచారమును కనబరచవలెను."

వార్డులో కిడ్నీ రాళ్ల ఆపరేషనై పడుకున్న బులిసత్యం అనే పాత నాటకాలాయన ఉన్నాడు. ముప్పయ్యేళ్లు స్టేజీల మీద ఏడుపు వేషాలే కట్టాడు. సర్క్యులర్ చదివి వినిపించగానే ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆ కళ్లలో అంత వెలుగు ఆపరేషన్ తరవాత అదే మొదటిసారి.

"ఇది మా పనండి," అన్నాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మంచాలన్నీ దగ్గరికి జరిపి పాఠం మొదలెట్టాడు. "ఏడుపెవడైనా ఏడుస్తాడు. ఆపడంలో ఉంది విద్య. నీళ్లు రెప్పదాకా రావాలి. నిలవాలి. జారకూడదు. జారిందా, ఇంకో వారం ఇడ్లీ సాంబారే! ఏదీ, గవర్రాజు గారూ, మీ కొబ్బరితోటకి తెగులొచ్చిందనుకోండి."

"తెగులా! ఏ వైపండీ?" అని గవర్రాజు గుండె పట్టుకున్నాడు.

"అదిగో, ఎక్కువైపోయింది. ఒక్క చెట్టుకే వచ్చిందనుకోండి."

వార్డంతా రోజూ మితంగా విచారించడం సాధన చేసింది. ఎవరైనా పరామర్శకి వస్తే గుమ్మంలోంచే భయపడి వెనక్కెళ్లిపోయేవారు. అంత కష్టపడినా ఒకరిద్దరికి మించి పరీక్ష గట్టెక్కలేదు. కమిటీ ఎదుటికెళ్లేసరికి ఎవరికో నవ్వొచ్చేది, ఎవరికో జారిపోయేది. చివరికి గురువుగారే స్వయంగా వెళ్లాడు. బులిసత్యం ఒక్కసారి కళ్లెత్తి చూసి, గద్గదంగా ఒక పద్యం అందుకున్నాడు. రాగం తీసి దించేసరికి సూపర్నెంటు గారు జేబురుమాల్లో మొహం దాచుకుని ఏడుస్తున్నారు. "ఇంకోటి పాడండి" అని అడిగారు. ఆయన కూడా ఫెయిలే. పరీక్షకులకే రోగిపై పరాధీనత ఏర్పడినందున సదరు రోగిని విడుదల చేయుట కమిటీ ఆరోగ్యమునకు హానికరమని రాశారు.

మంచాలు నిండిపోయాయి. కొత్తవాళ్లని వరండాల్లో పడుకోబెట్టారు. వరండాలూ నిండాయి. లోపల మంచాల మీద ఏ రోగమూ లేని మగాళ్లు పేకాడుకుంటూ, ఆఫీసరు అడుగుల చప్పుడు వినగానే మితంగా విచారిస్తూ కాలం గడిపారు.

సలోమికి వారపు సెలవు కూడా పోయింది. సంబంధము నిరంతరాయముగా ఉండవలెనని విద్యాధరరావు పట్టుబట్టి, ఆదివారం ఆవిడ గుడికెళ్తే వెనకాలే అంబులెన్సులో రోగుల్ని పంపాడు. సెలైన్ సీసాలు కిటికీ చువ్వలకి తగిలించుకుని వాళ్లు వెనక బెంచీల్లో కూర్చున్నారు. పాస్టరు గారికి మాత్రం పరమానందం. అంతమంది కొత్త మొహాలు, అందులోనూ కళ్లలో నీళ్లు నిలిచిన మొహాలు, ఆయన వాక్యం చెప్పడం మొదలెట్టాక ఎన్నడూ చూళ్లేదట. ఇంటికొస్తే భోజనాల దగ్గరా వాళ్లే. సలోమి భర్త ప్రకాశం ఎవరి పత్యం ఏదో తెలీక అందరికీ చారన్నం కలిపి పెట్టి, "నాకూ నీకూ పరిచయ దశ ఎప్పుడే?" అని భార్యనడిగాడు. సలోమికి నవ్వు రాలేదు. ఆవిడ గొంతెత్తి చాలా రోజులైంది.

ఆ గొంతు ఒక మిట్టమధ్యాహ్నం బయటికొచ్చింది.

తాతారావని ట్రాక్టరు డ్రైవరు. కడుపునొప్పని రెండు రోజులు ఓర్చుకుని, ఇక ఓర్చుకోలేక ఆటోలో వచ్చాడు. భార్య మంగాదేవి అతన్ని భుజానేసుకుని వార్డు గుమ్మందాకా దాదాపు మోసుకొచ్చింది. సర్జన్ శ్రీలలితమ్మ కడుపు మీద చెయ్యేసి చూసి, "అపెండిక్స్ పగిలింది. వెంటనే కోయాలి. సిస్టర్, ఆపరేషన్ తరవాత పడుకోబెట్టడానికి మంచం ఏదీ?" అంది.

"లేదండి," అంది సలోమి.

"కింద పరుపు?"

"కిందా లేదండి డాక్టరమ్మా. పక్క టౌనుకి రాసేద్దామా?"

"దారిలో పోతాడు," అంది శ్రీలలితమ్మ మెల్లిగా. మెల్లిగా అన్నా మంగాదేవికి వినపడింది. ఆవిడ ఏడవలేదు. నేలమీద కూర్చుని మొగుడి తల ఒళ్లో పెట్టుకుని, పైట చెంగుతో అతని నుదురు తుడుస్తూ ఉండిపోయింది.

అప్పుడొచ్చాడు విద్యాధరరావు. స్టూలు తనే తెచ్చుకున్నాడు. కొత్త రోగి వస్తే పరిచయ దశ సాక్షుల సమక్షంలో జరగాలని అంతకు ముందు రోజే ఉత్తర్వు ఇచ్చున్నాడు. స్టూలు మీద కూర్చుని, తాతారావు వైపు ఒంగి, "ఈ క్షణమున మీ మనోభావములెట్లున్నవి?" అన్నాడు.

"చచ్చిపోతన్నానండి," అన్నాడు తాతారావు.

"భావవ్యక్తీకరణ సంతృప్తికరము," అని విద్యాధరరావు రాసుకున్నాడు. "సిస్టర్, ప్రారంభించుడు. చిన్ననాటి జ్ఞాపకముతో ప్రారంభించుడు."

సలోమి నోరు తెరిచింది. 'నా పేరు' అనేంతవరకూ వచ్చింది. కింద మంగాదేవి తలెత్తి ఆవిడ వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, వేడుకోలూ లేదు. 'వీళ్లేంటి, ఇలా మాట్లాడుతున్నారు' అన్న ఆశ్చర్యం ఒక్కటే ఉంది. సలోమి మాట మధ్యలో వదిలేసి గిరుక్కున తిరిగి వార్డులోకి నడిచింది.

లోపల పేకాట మంచి పట్టుమీదుంది.

"లెగండ్రా!"

కిటికీ అద్దాలు గలగలలాడాయి. వరండాలో కాకులు లేచాయి. గేటు దగ్గర వాచ్‌మన్ లేచి నిలబడి టోపీ సర్దుకున్నాడు.

"లెగండి మంచాల మీంచి! దుక్కల్లా ఉన్నారు, సిగ్గులేదూ? అక్కడ మనిషి ప్రాణం పోతంటే ఇక్కడ ముక్కలేసుకుంటున్నారా? ఏవయ్యా గవర్రాజూ, నీ దుంప తెగ! నీ కుట్లెప్పుడో మానిపోయాయి, నువ్వింకా ఎవడి సొమ్మని ఈ మంచం పట్టుకు వేలాడుతున్నావు? కాయ ఎండిపోతంది, పో! తాతా, నువ్వు దొర్లడం ఆపి ఇంటికెళ్లి మనవల్ని ఆడించుకో! బులిసత్యం గారూ, మీ పద్యాలు మీ ఊళ్లో పాడుకోండి, ఇక్కడ కాదు! ఒక్కొక్కడూ నా కళ్లముందు కనపడ్డాడంటే బెడ్‌పాన్ తిరగేసి కొడతా!"

పేకముక్కలు నేలరాలాయి. తరవాత ఎవరో సంతోషంతో, "మన సిస్టరమ్మ వచ్చేసిందిరోయ్!" అని అరిచారు. అంతే. దుప్పట్లు లేచాయి, సంచులు లేచాయి. ముసలాయన చెప్పులు మర్చిపోయి పరుగెత్తాడు. గవర్రాజు వెళ్తూ వెళ్తూ తన మంచం మీది దుప్పటి దులిపి, శుభ్రంగా పరిచి, దిండు సర్ది మరీ వెళ్లాడు. కమిటీ నెలలు పట్టి పంపలేని జనం, అన్నం ఉడికేలోపు గేటు దాటిపోయారు.

తాతారావుని థియేటర్‌లోకి తోశారు. సాయంత్రానికి గవర్రాజు పరిచిన మంచం మీదే పడుకోబెట్టారు. బతికాడు.

సలోమి అతని మంచం పక్క స్టూలు మీద కూలబడింది. ఉద్యోగం పోయిందని అనుమానమేం లేదు ఆవిడకి. భయం మాత్రం చిత్రంగా లేదు. గొంతు నొప్పి కూడా తగ్గింది.

మర్నాడే మెమో వచ్చింది. "ఏకకాలమున, ఉచ్చస్వరమున, యావత్ వార్డు సంబంధములను సామూహికముగా విసర్జించినందులకు మీపై ఏల చర్య తీసుకొనరాదో..." అని మొదలై, వెనక పేజీలోకి పాకింది. విచారణకి రాజధాని నుంచి కమిటీ దిగింది. ఆ కమిటీకి పెద్ద, డాక్టర్ మృణాళిని అనే ఆవిడ. ఆవిడకి ఆ సంబంధాల సిద్ధాంతం మీదే పెద్ద పట్టా ఉందట.

సాక్షులుగా పాత రోగుల్ని పిలిపించారు. పిలవనివాళ్లు కూడా వచ్చారు. అందరికంటే ముందు గవర్రాజు, ఇస్త్రీ చొక్కాతో.

"ఈ నర్సు మిమ్మల్ని తిట్టెనా?" అంది మృణాళిని.

"ఆయ్, తిట్టారండి. బాగా తిట్టారు."

"ఆ సమయమున మీకెట్లనిపించెను?"

గవర్రాజు సలోమి వైపు చూశాడు. కుర్చీ అంచున కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని ఉందావిడ. ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఇంటికెళ్తన్నానని కులాసాగా అనిపించిందండి. మా ఇంట్లో ఇంత బాగా తిట్టేవాళ్లు లేరే అని కొంచెం బెంగ కూడానండి." ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. రెప్పదాకా వచ్చాయి. అక్కడే నిలిచాయి. జారలేదు.

తరవాత వచ్చినవాళ్లందరికీ అలాగే నిలిచాయి. కిటికీ బయట నిలబడ్డ బులిసత్యం చూపుడువేలు పైకెత్తి, 'అక్కడే, అక్కడే ఆపు' అన్నట్టు సైగ చేస్తూండటం సలోమి ఒక్కతే చూసింది. మిగతావాళ్ల సంగతేమో గానీ, గవర్రాజు మాత్రం కిటికీ వైపు చూడనేలేదు.

మృణాళిని కళ్లజోడు తీసి తుడుచుకుంది. "మితమైన విచారం," అంది, ఊపిరందనట్టు. "ఒక్కరికి కాదు, వార్డు మొత్తానికి! విద్యాధరరావు గారూ, మీరు నెలల తరబడి సాధించలేనిది ఈమె ఒక్క అరుపుతో సాధించింది. నాలుగు దశలూ ఒకే వాక్యంలో ఉన్నాయి. 'ఏవయ్యా గవర్రాజూ', పరిచయం. 'నీ దుంప తెగ', మమేకం. 'కాయ ఎండిపోతంది', వినియోగం. 'పో', విసర్జన!"

విద్యాధరరావు అప్పటికే పెన్ను మార్చి రాసుకుంటున్నాడు.

సలోమి మీద చర్య రద్దైంది. కుర్చీలోంచి లేచి దేవుడికి వందనాలు చెప్పుకుందామనుకునేలోపే, అమ్మా మీరు కూర్చోండి అని మళ్లీ కూర్చోబెట్టి, ఏయే తిట్లు వచ్చో చెప్పమన్నారు. వద్దండీ, నాకు డ్యూటీ ఉందండీ అంటే వినలేదు. ఇష్టం లేకపోయినా ఒకటీ అరా చెప్పింది. విసుగెత్తి ఇంకొన్ని వాళ్లనే అంది. అవీ రాసుకున్నారు.

కొన్నాళ్లకి కొత్త ఉత్తర్వు వచ్చింది. ప్రతి నర్సూ ప్రతి రోగినీ సూదికి ముందు విధిగా తిట్టవలెను. తిట్టు ప్రభుత్వ భాషలో, రోగి గౌరవమునకు భంగము కలుగకుండ ఉండవలెను. తిట్టుటకు ముందు రోగి అంగీకారము తీసుకొనవలెను.

ఆ ఉత్తర్వు అమల్లోకి వచ్చిన పొద్దున సలోమి వార్డులో అడుగుపెట్టేసరికి హెప్సిబా ఒక చేత్తో సిరంజి, ఇంకో చేత్తో కాగితం పట్టుకుని, కొత్తగా చేరిన ఒక ముసలాయన ముందు నిలబడి ఉంది. బక్కపల్చని మనిషి. కాలుకి కట్టు. హెప్సిబా చూసి చూసి చదువుతోంది.

"తమరిని తిట్టుటకు అనుమతించవలసినదిగా ప్రార్థన."

"అలాగేనమ్మా," అన్నాడాయన, అర్థం కాక.

"తమరు వైద్యుల సలహాను పాటించనందున, తమరి దుంప తెగవలసినదిగా ఇందుమూలముగా తెలియజేయడమైనది."

ముసలాయన మొహం పాలిపోయింది. రెండు చేతులూ జోడించాడు. "తల్లీ, నా పింఛను ఆపేశారా?"

"కాదు తాతా, ఇది తిట్టు."

"అర్జీ పెట్టుకోమంటావా? ఎవరిచేతైనా రాయించుకొస్తా. నా ఒక్కడికే తెగిందా, మా ఊళ్లో అందరికీ తెగిందా అమ్మా?"

సలోమి నవ్వాపుకుందామనుకుంది. ఆగలేదు. మంచం పట్టీ పట్టుకుని ఒంగిపోయింది. ఆవిడ్ని చూసి హెప్సిబా నవ్వింది, కాగితం కింద పడింది. పక్క మంచాలవాళ్లు కుట్లు పట్టుకుని, అమ్మో అబ్బో అంటూ నవ్వారు. ముసలాయనకి ఏం అర్థమైందో ఏమో, పింఛను పోలేదని మాత్రం తేలిపోయి, పళ్లులేని నోటితో తనూ మొదలెట్టాడు. అదే అదనుగా హెప్సిబా సూది పొడిచేసింది. ఆయనకి తెలియనే లేదు.

సలోమి కళ్లు తుడుచుకుంటూ తలెత్తింది. వరండా చివర విద్యాధరరావు కనిపించాడు. చప్పుడు విని ఆగాడు. మెడ సాచి చూస్తున్నాడు. చెయ్యి జేబులో పెన్ను వైపు వెళ్తోంది.

"ష్!" అంది సలోమి, వార్డంతటికీ వినపడేలా. "నవ్వకండర్రా. ఆయన రాసేసుకుంటాడు."